కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళిన ఫ్రీజర్

ఇప్పటి లాబ్‌లలో పనిచేసే పిల్లలు, ఫ్రీజర్ కాస్త వెచ్చబడితే చాలు తమ ఫోన్‌లో గంట మోగుతుందని చెబుతుంటారు. సంతోషం. మా రోజుల్లో ఆ గంట నేనే. ఎనభైల చివర, నరసరావుపేట నుంచి కోటప్పకొండ వెళ్ళే దారిలో ఒక చిన్న ప్రైవేటు పరిశోధనశాల ఉండేది. గొర్రెల టీకాల మీద పని. అందులో నేను స్టోర్స్ ఇన్‌చార్జిని. చల్లగా ఉండాల్సినవాటిని చల్లగా ఉంచడం, ఉన్నాయా అని అడగడానికి వచ్చినవాళ్ళ మీద విసుక్కోవడం నా ఉద్యోగం. రెండోది బాగా చేసేవాణ్ణి.

మా ఫ్రీజర్ పెట్టెలా పైకి తెరుచుకునే రకం. దాని మూత చుట్టూ ఉండే రబ్బరు ఒక పక్క చిరిగిపోయింది. చల్లదనం బయటికి పోకుండా మూత మీద ఒక ఇటుక పెట్టాను. దానికి తాత్కాలిక ఏర్పాటు అని పేరు కూడా పెట్టాను. ఆ తాత్కాలికం రెండు వేసవులు చూసింది. కొత్త రబ్బరు ఎప్పుడొస్తుందని ఎవరైనా అడిగితే ‘మద్రాసుకు రాశాం’ అనేవాణ్ణి. రాయలేదు. ఇటుక బాగానే పనిచేస్తోంది కదా అని నా ధీమా.

ఆ ఫ్రీజర్‌ను నిజంగా వాడుకునే మనిషి ఒక్కరే, మేడం. వయసులో నాకన్నా చాలా చిన్నది. అచ్చంపేట వైపు రైతు కుటుంబం. యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరి ప్రయోగాలు మా దగ్గర చేసేది. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. కోపం వచ్చిన రోజు మాత్రం సార్ అనేది. ఆమె నోట సార్ అన్న మాట వినబడగానే లాబ్‌లో మిగతావాళ్ళు నా వంక జాలిగా చూసేవాళ్ళు.

ఆమె పని గొర్రెలకు వచ్చే మశూచి మీద. ఆ వైరస్‌ను పెంచాలంటే ముందు గొర్రె కిడ్నీ నుంచి తీసిన కణాలను సీసాల్లో పెంచాలి. అవేమో కొన్నాళ్ళు బాగానే ఉండి, ఉన్నట్టుండి అంచులు ముడుచుకుని చచ్చిపోయేవి. వాటికి గ్రోత్ ఫ్యాక్టర్ కావాలంది మేడం. అంటే కణాలకు పెరగమని చెప్పే ప్రోటీన్. అప్పుడప్పుడే విదేశాల్లో దాని జన్యువును బాక్టీరియాలో పెట్టి, ఆ బాక్టీరియాచేత తయారు చేయించి అమ్ముతున్నారు. రీకాంబినెంట్ అంటే అదే. దిగుమతి అనుమతి, కస్టమ్స్, అక్కడ అడిగారని మళ్ళీ ఇంకో అనుమతి, ఇన్ని దాటుకుని మద్రాసు మీదుగా ఆ పార్సిల్ మా గేటు దాకా వచ్చేసరికి ఆమె గడువులో మిగిలింది కొన్ని నెలలే. అది పాడైతే రెండోది వచ్చేలోగా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. చదివింది చాల్లే ఇంటికి రమ్మనడానికి వాళ్ళింట్లో అందరూ సిద్ధంగా ఉన్నారు. ఇదంతా ఆమె నాకు చెప్పింది. నేను విన్నాను కూడా.

పార్సిల్ విప్పగానే నేను చేసిన మొదటి పని మద్రాసుకు ఫోన్ చేసి కంపెనీ ఆయన్ని తిట్టడం. ఖాళీ సీసా పంపుతారా అని గొడవ పెట్టుకున్నాను. ఆయన అంతా విని, ‘అడుగున ఉంటుంది సార్, కంటికి కనబడదు’ అన్నాడు. పక్కనే ఉన్న మేడం తల దించుకుంది. అదే పెట్టెలో పీసీఆర్‌కు కావాల్సిన ఎంజైము కూడా వచ్చింది. వైరస్ జన్యువును కోట్ల కాపీలు చేసి చూపించే పద్ధతి అది, అప్పటికి కొత్త. దానికి యంత్రం మా దగ్గర లేదు. మేడం మూడు వేడినీళ్ళ తొట్లు పెట్టుకుని, గొట్టాలను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చేత్తో మార్చుకుంటూ పూటంతా నిలబడేది. చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ ఉండేది కాదు.

గ్రోత్ ఫ్యాక్టర్ పొడిగా ఉన్నంతకాలం కొంత ఓర్చుకుంటుంది. ఒకసారి కరిగించి చిన్న గొట్టాల్లో చుక్క చుక్కగా పంచాక మాత్రం గడ్డకట్టి ఉండాల్సిందే. కరిగిందా, పోయినట్టే. శివరాత్రి దగ్గర పడింది. మేడం నా బల్ల దగ్గరికి వచ్చి అడిగింది.

“పండగ వెళ్ళాక కరిగించనా అన్నయ్యగారూ? మధ్యలో కరెంటు పోతే?”

“నేనుండగా నీకు భయమేందమ్మా? కరెంటు పోతే జనరేటర్ లేదా?” అన్నాను.

ఆమె నమ్మింది. ఆ సాయంత్రమే కరిగించి, గొట్టాల్లో పంచి, ఫ్రీజర్‌లో పెట్టి, ఇటుక కూడా తనే సరిచేసి వెళ్ళింది.

ఇప్పుడు ఆ జనరేటర్ సంగతి చెప్పాలి. ప్రభ అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. శివరాత్రికి మా పల్నాడు ఊళ్ళు పోటీలు పడి ప్రభలు కడతాయి. వెదుళ్ళు, కర్రలతో తాటిచెట్లను మించిన ఎత్తున చట్రం కట్టి, రంగు గుడ్డలు, దేవుడి పటాలు, లైట్లు బిగించి, చక్రాల మీద కోటప్పకొండ దాకా లాక్కెళతారు. మా ఊరి ప్రభ కమిటీకి పెద్ద మా బాబాయి. ఆయన అద్దెకు మాట్లాడుకున్న జనరేటర్ కాలిపోయింది. నా దగ్గరికొచ్చి, “ఒరేయ్, ఊరి పరువురా. పక్కూరోళ్ళ ముందు చీకట్లో నిలబడమంటావా?” అన్నాడు. మా డైరెక్టర్ హైదరాబాదులో ఉన్నాడు. షెడ్డు తాళం నా మొలతాడుకు ఉంది. అధికారమంటే తాళమేనని నమ్మిన రోజులవి. పండగ ముందురోజు పంపిస్తానని మాటిచ్చేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. అంత ఎత్తు ప్రభ రోడ్డు మీద నడవాలంటే అడ్డంగా ఉన్న కరెంటు తీగలు దించాలి. అంటే ఆ దారి పొడుగునా సరఫరా ఆపాలి. పోయినేడు లైన్ ఆలస్యంగా ఆపారని మా ప్రభ దారిలో ఇరుక్కుంది. ఈసారి అలా జరగకూడదని కరెంటు ఆఫీసుకు వెళ్ళిన పెద్దమనుషుల్లో నేనూ ఉన్నాను. నాకు ఇంగ్లీషు వస్తుందని ముందు నన్నే నిలబెట్టారు. పొద్దున్నే లైన్ ఆపి తీరాలని బల్ల గుద్ది మరీ ఒప్పించాను. బయటికొచ్చాక బాబాయి నా భుజం తట్టాడు. నాకు రెండు తలకాయలు ఉండేవనుకుంటాను. ఆఫీసు తలకాయ ఫ్రీజర్‌ను చూసుకునేది, ఊరి తలకాయ ప్రభను చూసుకునేది. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు.

శివరాత్రి పొద్దున లాబ్‌కు వచ్చాను. సెలవే, కానీ మా ఊరి ప్రభ గేటు ముందునుంచే వెళుతుంది కదా, మేడంకు చూపించి గొప్పలు పోదామని. ఆమె ఉపవాసం ఉండి కూడా సీసాల్లోని కణాలకు మేత మార్చడానికి వచ్చింది. మాట్లాడుతుండగానే ఫ్యాన్ ఆగింది.

“పోతే పోయింది” అని నేను దర్జాగా షెడ్డుకు నడిచాను. తాళం తీశాను. లోపల నేల మీద నూనె మరక ఉంది. అంతే ఉంది.

నా రెండు తలకాయలూ మొదటిసారి కలుసుకున్నది ఆ మరక దగ్గరే. వెనకనుంచి మేడం గొంతు వినబడింది.

“జనరేటర్ ఏది సార్?”

చెప్పాను. లైన్ ఎవరు ఆపించారో కూడా చెప్పాను, ఎలాగూ తెలుస్తుందని. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది. ఫ్రీజర్ దగ్గరికెళ్ళి, చిరిగిన రబ్బరు ఉన్న పక్క రెండు చేతులతో మూతను నొక్కి పట్టుకుని నిలబడింది. పక్కన వేలాడే థర్మామీటర్‌లో అంకె అప్పుడే మెల్లగా పైకి వస్తోంది.

సైకిలెక్కి ఐసు ఫ్యాక్టరీ దాకా తొక్కాను. వాళ్ళకూ కరెంటు లేదు. ఉన్న ఐసు దిమ్మలన్నీ తెల్లవారకముందే తిరునాళ్ళ షర్బత్ బండ్లవాళ్ళు పట్టుకుపోయారు. ఉత్త చేతులతో వెనక్కొచ్చేసరికి దూరంగా మైకు వినబడుతోంది. మా ఊరి ప్రభే. గేటు దగ్గరపడే కొద్దీ మాట స్పష్టమైంది. మన ప్రభకు జనరేటర్ సమకూర్చిన మహాదాత అంటూ నా పేరు, నా హోదా, మా లాబ్ పేరు కలిపి మైకువాడు చదువుతున్నాడు. రెండుసార్లు చదివాడు. మేడం కిటికీలోంచి విన్నది. నా వైపు ఒకసారి చూసి మళ్ళీ మూత మీదికి ఒరిగింది.

ఆ చూపుకు నాకు బుద్ధి పుట్టింది. మైకు మోగుతోందంటే జనరేటర్ నడుస్తోందన్నమాట!

రోడ్డు మీదికి పరిగెత్తాను. ముందు ప్రభ, దాని వెనక ట్రాక్టరు, దానికి తగిలించిన ట్రక్కులో మా జనరేటర్. దాని పక్కన డీజిల్ డబ్బా మీద నరసరావుపేట నుంచి పిలిపించిన మిస్త్రీ సాయిబు కూర్చుని ఉన్నాడు. ట్రాక్టరుకు అడ్డంగా నిలబడి, జనరేటర్ దించమన్నాను.

“యాడ దించేది సారూ? ఎనక చూడు” అన్నాడు మిస్త్రీ. చూశాను. వెనక ఇంకో ఊరి ప్రభ, దాని వెనక ఇంకోటి, మధ్యలో జనం. ఆగడానికి లేదు, తిరగడానికి అంతకన్నా లేదు. మా బాబాయి పరుగున వచ్చాడు. విషయం సగం విన్నాడు.

“పెట్టెనే ఎక్కించండెహె! దార్లో చల్లబడుద్ది” అన్నాడు, ప్రభ ఆగిపోతుందన్న కంగారులో.

కమిటీ కుర్రాళ్ళు ఎనిమిదిమంది వచ్చి ఫ్రీజర్‌ను ఇటుకతో సహా ఎత్తుకొచ్చి ట్రక్కులో దించారు. మేడం దానితోపాటే ఎక్కింది, మూత మీద చెయ్యి తియ్యకుండా. మిస్త్రీ వైరు కలిపాడు. ఫ్రీజర్ ఒక్కసారి ఒళ్ళు విదిల్చి గుర్రుమంది. ఆ చప్పుడు వినగానే నాకు ఏడుపొచ్చింది. జనం మధ్యలో ఏడవడం బాగుండదని కండువాతో ముఖం తుడుచుకుని, “చూశావా అమ్మా, నేను చెప్పలా?” అన్నాను. నాకు ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

అలా మా ఫ్రీజర్ తిరునాళ్ళకు బయల్దేరింది. కాస్త దూరం వెళ్ళేసరికి ఎవరో పెద్దమ్మ ట్రక్కు పక్కన నడుస్తూ చెయ్యి చాపి దాని మీద పసుపు కుంకుమ పెట్టింది. తర్వాత ఇంకొకామె. ప్రభతో పాటు వెళుతోంది, పక్కన ఒకావిడ ఉపవాసంతో మూత పట్టుకుని కూర్చుంది, మరి అది దేవుడి పెట్టె కాకుండా ఎలా ఉంటుంది? ఒకాయన ఇటుకకు బంతిపూల దండ వేశాడు. నేను వద్దనబోతే మిస్త్రీ ఆపాడు.

“పెట్టనియ్యి సారూ. నీది అన్నావంటే ఎక్కి తొంగిచూస్తారు. దేవుడిది అన్నావంటే దణ్ణం పెట్టి పోతారు.”

“అందులో ఏముందమ్మా?” అని అడిగింది ఒక ముసలావిడ మేడంను.

“గొర్రెలకు మందవ్వా. మూత మాత్రం తీయకూడదు. తీస్తే లోపల చల్లదనం పోద్ది” అంది మేడం.

ఆ మాట ట్రక్కు చుట్టూ పాకింది. కుర్రాళ్ళకు వేరే పని దొరికింది. ఎవరి చెయ్యి దగ్గరికొచ్చినా “మూత తియ్యమాకండి! చల్లదనం పోద్ది!” అని అరవడమే. మధ్యాహ్నానికి థర్మామీటర్ అంకె దిగి రావలసిన చోటికి దిగింది. మేడం మొదటిసారి మూత మీదినుంచి చెయ్యి తీసి వేళ్ళు విరుచుకుంది. నేను దాతననే సంగతి మళ్ళీ గుర్తొచ్చి, ట్రక్కులో కాస్త ఠీవిగా నిలబడ్డాను.

పొద్దు వాలేసరికి కొండ కిందికి చేరాం. అన్ని ఊళ్ళ ప్రభలు వరసగా నిలబెట్టారు. చీకటి పడుతూనే ఒక్కొక్కటే వెలగడం మొదలైంది. జనం ఈలలు. మా వంతు వచ్చింది. మిస్త్రీ మీట వేశాడు. మా ప్రభ కింది నుంచి పై దాకా వెలిగింది. ఊరంతా కేక పెట్టింది. వెంటనే జనరేటర్ గొంతు మారింది, ఫ్రీజర్ మూలిగి ఆగిపోయింది.

“రెండూ లాగదు. లైట్లన్నా ఉండాల, పెట్టన్నా ఉండాల. అదా ఇదా చెప్పండి” అన్నాడు మిస్త్రీ.

బాబాయి సమాధానం ఆలోచించనక్కర్లేకుండా వచ్చింది. “పెట్టె తియ్. ఇయ్యాల కోసం ఊరు ఏడాదిగా ఎదురుచూసింది.”

“బాబాయ్, ఆ పిల్ల చదువంతా అందులో ఉంది.”

“ఊరి పరువు ఇందులో ఉంది. ఒరేయ్, ఈ లైట్లు ఆరినయ్యంటే నువ్వు మళ్ళా ఊళ్ళో అడుగుపెట్టమాకు. చెప్తున్నా.”

ఆయన మాటకు కట్టుబడే మనిషి. మా అమ్మ ఆ ఊళ్ళోనే ఉంది, నా ఇల్లూ అక్కడే. నేను మేడం వైపు చూశాను. ఆమె నన్ను అడగలేదు. మళ్ళీ రెండు చేతులతో మూత నొక్కి పట్టుకుని, థర్మామీటర్ వంక చూస్తోంది. ఇక నన్ను నమ్మడం మానేసిన మనిషి అలాగే ఉంటుంది. నాకు అది భరించరానంత సిగ్గుగా అనిపించింది.

“మిస్త్రీ భాయ్, లైట్లు తియ్” అన్నాను.

ధైర్యమనుకోకండి. మాట పూర్తయ్యేలోగా ట్రక్కు అవతలి పక్కకు దూకాను, బాబాయి చేతికి అందకుండా.

సగం తీస్తే సరిపోతుందని చూసుకున్నాడు మిస్త్రీ, మా ప్రభ పైసగం ఆరిపోయింది. మా ఊరివాళ్ళు తలలెత్తి పైకి చూశారు. పక్క ఊరివాళ్ళు మాత్రం ఈల వేశారు. బాబాయి నన్ను వెతుకుతూ ట్రక్కు చుట్టూ తిరుగుతున్నాడు, నేను ఆయనకు ముందు తిరుగుతున్నాను. ఫ్రీజర్ గుర్రుమని నడిచింది. కాసేపటికి చల్లదనం చాలినట్టుంది, తనంతట తను ఆగింది. భారం తగ్గగానే మిస్త్రీ లైట్లన్నీ వేసేశాడు. పైసగం భగ్గున వెలిగింది. ఫ్రీజర్ మళ్ళీ మొదలైంది, పైసగం ఆరింది. ఆగింది, వెలిగింది. రబ్బరు చిరిగిన ఫ్రీజర్ కదా, ఊరికే ఆగేది, ఊరికే మొదలయ్యేది.

మూడోసారి వెలిగేసరికి జనం మా ప్రభ ముందుకు పోగయ్యారు. అప్పటిదాకా వెలిగి ఆరే ప్రభ ఆ కొండ కింద ఎవరూ చూడలేదు.

“ఏం సెట్టింగు రా బాబూ! ఈళ్ళది చూడు, ఊపిరి పీలుస్తా ఉంది!” అన్నాడు ఎవరో. ఇందాక ఈల వేసిన ఊరివాళ్ళే వచ్చి ఎవరు చేశారని అడిగారు.

బాబాయి ఆగిపోయాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “మా వాడే. లాబ్‌లో చేస్తాడు. వాడి సెట్టింగే” అన్నాడు. నేను ట్రక్కు వెనకనుంచి మెల్లగా బయటికొచ్చాను. దండ నా మెడలో పడింది. ఇటుక మీదిదే తీసి వేశారు.

మర్నాడు లైన్ వచ్చాక ఫ్రీజర్‌ను చేర్చాల్సిన చోటికి చేర్చాం. మేడం నాతో ఇంకా సార్ అనే మాట్లాడుతోంది. గొట్టాలు గడ్డకట్టే ఉన్నాయి. కానీ దారిలో మా లెక్కకు అందని నిమిషంలో కరిగి మళ్ళీ గట్టిపడ్డాయేమో, చూస్తే తెలియదు. కణాలకు వేసి చూడాల్సిందే. ఆమె వేసింది. ఆ తర్వాత రోజుల్లో నేను గొడుగు మర్చిపోయానని ఒకసారి, పెన్ను మర్చిపోయానని ఒకసారి ఆ గదిలోకి వెళ్ళేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆమే పిలిచింది.

“వచ్చి చూడండి అన్నయ్యగారూ.”

మైక్రోస్కోపులో నాకు ఏమీ అర్థం కాలేదు. సీసా అడుగంతా ఖాళీ లేకుండా ఏవో పరుచుకుని ఉన్నాయి. ఆమె చెప్పనక్కర్లేకపోయింది, పిలిచిన తీరే చాలు. ఈసారి ముఖం తుడుచుకోవడానికి కండువా కూడా లేదు. ఆ ఏడే ఆమె థీసిస్ ఇచ్చింది. నేను మద్రాసుకు రాసి కొత్త రబ్బరు తెప్పించాను. డైరెక్టర్‌కు అన్నీ తెలిశాయి. షెడ్డు తాళం నా మొలతాడు నుంచి ఆయన బల్ల సొరుగులోకి మారింది.

చాలా ఏళ్ళ తర్వాత ఆ ఫ్రీజర్ పాత సామాన్ల వేలానికి వచ్చింది. మా ఊరి ప్రభ కమిటీ పాడుకుంది. కాంప్రెసర్ ఎప్పుడో పోయింది, అది చల్లబడదు. అయినా ప్రతి శివరాత్రికీ రంగు వేసి, పసుపు రాసి, ఇటుకతో సహా ట్రక్కు మీద ఎక్కిస్తారు. ఇప్పటి కుర్రాళ్ళకు ఎందుకో తెలియదు. నేనూ చెప్పలేదు. చెబితే దాతృత్వం సంగతి మొదటినుంచీ చెప్పాలి.

మొన్న శివరాత్రికి మేడం వచ్చింది. ఆమె కూడా రిటైరైంది, జుట్టు తెల్లబడింది. నాకు మోకాళ్ళు నొప్పి, ఇద్దరం ప్రభ వెనక నెమ్మదిగా నడిచాం. ట్రక్కు ఒకచోట ఆగితే ఆమె దగ్గరికెళ్ళి, ఒకప్పుడు రబ్బరు చిరిగి ఉన్న ఆ పక్కనే మూత మీద చెయ్యి వేసింది. పైనున్న కుర్రాడు ఒక్క అరుపు అరిచాడు.

“అమ్మా, మూత తియ్యమాకండి! లోపల చల్లదనం పోద్ది!”

మేడం చెయ్యి తీసేసి, “తీయనులే నాయనా” అంది.